ఎర్ర పేలిక లేని ట్యూబు

"రొట్టెలో రబ్బరు వాసనొస్తాంది," అన్నాడు మా ఇంటాయన, తుంచిన ముక్కను మళ్లీ కంచంలో పడేసి.

రాకేం చేస్తుంది? తెల్లవారినప్పటి నుంచి నాలుగు ట్యూబులకు అతుకులేసి, అదే చేత్తో జొన్నపిండి పిసికి రొట్టెలు తట్టాను. బూడిదతో రుద్దినా, సీకాయతో కడిగినా అతుకు జిగురు, ఆ సొల్యూషన్ వాసన గోళ్ల సందుల్లోంచి పోదు. ఆ నాలుగు ట్యూబులూ ఆయన అంగడివే. అతుకులేసింది నేనని ఆయనకు తెలుసు, మా అత్త పీరాంబీకి తెలుసు. కోయిలకుంట్లలో ఇంకెవరికీ తెలీదు. బజారు వైపు ఖాసిం వలి సైకిల్ అంగడి, దాని వెనక గోనెపట్టా పరదా, పరదా ఇవతల నేను. చక్రం విప్పడం, బిగించడం, గాలి కొట్టడం, వచ్చినవాళ్లతో బీడీ తాగుతూ యుద్ధం కబుర్లు చెప్పడం ఆయన పని. చిల్లు వెతికి అతుకెయ్యడం నా పని. కాకపోతే నాది పని కిందికి రాదు. "ఫాతిమాకేం మామా, ఇంట్లో ఊరికే ఉంటాది," అని మా నాయనతో నా ఎదురుగానే అన్నాడు. నేను ఆ పూట వాళ్లిద్దరికీ నీళ్లు అందిస్తూ నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ పని నేర్పింది మా అత్తే. మామ అంగడి పెట్టిన నాటి నుంచి ఆమే అతుకులేసేదట. పెళ్లయిన నెలకే నన్ను నీళ్లతొట్టి ముందర కూర్చోబెట్టి, "నాకు కండ్లు ఆనడం ల్యా. ఇంక నువ్వు చూసుకో," అంది. వేరే ఇళ్లలో అత్తలు కోడళ్లకు కమ్మలో కడియాలో ఇస్తారు. నాకు గరుకు కాగితం, కత్తెర, సొల్యూషన్ డబ్బా ఇచ్చింది. మా పుట్టింట్లో గోషా అంటే ఏమిటో నేనెరగను. అమ్మతో పాటు నల్లరేగడి చేలో కలుపు తీశాను, పత్తి తీశాను. టౌనులో ఇచ్చాక మేం గొప్పవాళ్లమైపోయాం. నా నీడ కూడా బజారు మీద పడకూడదు. నేను బజారులో కనపడకూడదు గానీ నా చేతిపని మాత్రం బజారంతా తిరగవచ్చు. ఊళ్లో ఏ సైకిల్ చక్రం విప్పినా లోపల నేనేసిన అతుకే ఉంటుంది.

తెల్లదొరల యుద్ధం ముదిరాక రబ్బరు కరువైంది. కొత్త ట్యూబు దొరకడమే గగనం. అతుకు మీద అతుకు, దాని పక్కన ఇంకో అతుకు. ఈ నేల మీద తుమ్మముళ్లకూ పల్లేరుకాయలకూ మాత్రం ఏ కరువూ లేదు. ఒక పూటలో అయ్యే పని మూడు నాలుగు రోజులు పట్టసాగింది. జనం విసుగంతా పరదా ఇవతలికి వినపడేది. "ఏమప్పా ఖాసిం వలీ, బేస్తవారం ఇచ్చిన సైకిలు, ఇయ్యాల ఆదివారం!" అని ఎవరో అరిస్తే, "పనితనమప్పా, తొందరపడితే నిలబడదు. నా చేతి అతుకు యాడన్నా ఊడిందా చెప్పు," అనేవాడు. నీ చేతి అతుకా? ఆ మాట అన్నప్పుడు నేను కత్తెర తగిలి తెగిన వేలు నోట్లో పెట్టుకుని, మరో పక్క పొయ్యి మీద పప్పు మాడకుండా చూసుకుంటున్నాను.

ట్యూబులను గంపలో వేసి పరదా కింది నుంచి లోపలికి తోసేవాడు. ఏది ఎవరిదో చెప్పేవాడు కాదు. పరాయి మగవాళ్ల పేర్లు ఇంట్లో ఆడదానికెందుకన్నది ఆ ఇంటి మర్యాద. పేర్లకు బదులు పేలికలుండేవి. ఎర్ర పేలిక కట్టిన ట్యూబు ముందు వెయ్యాలి. పేలిక లేనిది ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు. నేనూ ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం కూడా మంచి కోడలి లక్షణమని అనుకున్నాను.

ఆ ఎండాకాలంలో పేలిక లేని ట్యూబొకటి గంప అడుగున ఉండిపోయింది. రోజూ దాన్ని పక్కకు తోసి ఎర్ర పేలికల ట్యూబులే తీసుకున్నాను. నాలుగో రోజు పొద్దెక్కాక పెరటి తలుపు చప్పుడైంది. చూస్తే జీవమ్మక్క. ఆసుపత్రిలో మంత్రసాని. చుట్టుపక్కల పల్లెలకు సైకిలు మీద కాన్పులకు పోయే మనిషి. ఆమె సైకిలెక్కితే ఊళ్లో మగవాళ్లు ఇకిలించేవాళ్లు, తమ ఇంట్లో నొప్పులొస్తే మాత్రం ఆమె గడపకే పరుగెత్తేవాళ్లు. ఆ రోజు ఆమె చీర మోకాళ్ల దాకా దుమ్ము పట్టి ఉంది.

"ముందు కూచో ఫాతిమా," అంది. "మీ పుట్టింటి నుంచే వస్తాండా. మీ చెల్లెలు హుసేన్ బీ బాగుండాది. బిడ్డ దక్కలా."

నా చెల్లెలికి ఇది తొలి కాన్పు.

"నిన్న పొద్దున్నే మీ నాయన మనిషిని పంపించినాడు. బండి దొరకలా. ఆరు మైళ్లు నడిచి పోయినా. నేను పోయేటప్పటికి బిడ్డ మెడకు పేగు సుట్టుకోనుండాది."

"నీ సైకిలేమాయ అక్కా?"

ఆమె పరదా వైపు చూసింది. "నాలుగు దినాలాయ మీ అంగట్లో ఇచ్చి. దినామూ బజారు మీద నుంచే మెల్లగా అడిగి పోతా. రేపు రా అంటాడు మీ ఆయప్ప."

నేను లేచి గంప బోర్లించాను. అడుగున ఉన్న ట్యూబు తీసి చూపించాను. ఆమె దాన్ని పట్టుకుని, వాల్వు పక్కన తను వేసుకున్న సిరా గుర్తు చూసి, తలూపింది.

"గంట ముందు పోయింటే బతికేదా?" అన్నాను.

"బతికిండునో లేదో దేవునికే తెలియాల. నేను అబద్ధం చెప్పను. కానీ సైకిలుంటే గంట ముందే పోయిండేదాన్ని."

మధ్యాహ్నం ఆయన అన్నానికి లోపలికొచ్చాడు. వడ్డించకుండా నిలబడి అడిగాను, జీవమ్మక్క ట్యూబుకు పేలిక ఎందుకు కట్టలేదని. ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఆయమ్మ ఆడమనిషి, నిలబడి అరుస్తాదా? మిల్లు గుమాస్తా అయితే అంగడి ముందరే తిడతాడు," అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. నా చెల్లెలి బిడ్డ పోయిందని చెప్పాను. కంచం తనే ముందరకు లాక్కుని, "అల్లా రాసినాడు, మనమేం జేస్తాం," అన్నాడు.

"అల్లా ఏం రాసినాడో నాకు తెలీదు. పేలిక కట్టంది నువ్వు."

"ఏమే, నోరు లేస్తాంది!" అన్నాడు. "మొగునికి ఎదురు చెప్తావా?" అంది అత్త మూలనుంచి. ఆయన మీద కోపం ఒక ఎత్తు, నా మీద నాకు పుట్టిన కోపం ఇంకో ఎత్తు. నాలుగు రోజులు ఆ ట్యూబును పక్కకు తోసిన చెయ్యి నాదే. మర్యాద పేరు చెప్పి నా కళ్లకు గంతలు కట్టారు, నా చేతుల చేత మాత్రం పని చేయించుకున్నారు. ఎవరిది ముందో ఎవరిది వెనకో తేల్చడానికి మగబుద్ధి కావాలట, అతుకెయ్యడానికి ఆడచెయ్యి చాలట!

మర్నాడు పొద్దున జీవమ్మక్కను పెరటి దారిన రమ్మన్నాను. ఆడమనిషి గనక ఆమె పరదా ఇవతలికి రావచ్చు. ఆ గోషాలో నాకు పనికొచ్చింది ఇదొక్కటే. ఇక నీ సైకిలు మా అంగట్లో ఇవ్వద్దక్కా, నువ్వే వేసుకో అని చెప్పాను. గంటె కాడతో టైరు ఎట్లా లేపాలో చూపించాను. గాలి కొట్టిన ట్యూబును తొట్టిలో ముంచితే బుడగలు లేచిన చోటే చిల్లు. తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పూసి ఊరుకోవాలి.

"ఇంక అతికిద్దునా?" అంది తొందరగా.

"ఆరనీ అక్కా. వేలు పెడితే అంటుకోగూడదు. ఈ ఆగడం ఒక్కటే నిజంగా ఆగాల్సింది. తక్కినవన్నీ మేము ఆగబెట్టినవి."

టైరు లోపల వేలు పోనిచ్చి ముల్లు వెతకమన్నాను. ఆమె జాగ్రత్తగా తడిమి, తుమ్మముల్లు మొన ఒకటి పెరికి నా అరచేతిలో పెట్టింది. పాత ట్యూబుల ముక్కలు, సగం సొల్యూషన్ గుడ్డలో కట్టిచ్చాను. పోతూ పోతూ, "ఇన్నాళ్లూ వేసింది నువ్వా?" అంది. పెళ్లయిన ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

పది రోజులకు సంగతి బయటపడింది. జీవమ్మ తన సైకిలు తనే బాగు చేసుకుంటాందని, ఖాసిం వలి పెండ్లామే నేర్పిందని బజారులో నవ్వుకున్నారట. ఆయన లోపలికొచ్చి తొట్టిని కాలితో తన్నాడు. నీళ్లు వంటింటి దాకా పారాయి.

"ఇంటి గుట్టు బజార్లో పెడ్తావా? రేపు ఊరంతా ఇంట్లోనే ఏసుకుంటే నా అంగడి గతేంది? నలుగుర్లో నా పరువు ఏం గాను?"

నా చెల్లెలి బిడ్డకు రాని ఆవేశం పరువుకు వచ్చింది. నేను గుడ్డ తెచ్చి నేల తుడిచాను. తుడుస్తూనే ఒక సంగతి తేల్చుకున్నాను. ఏడవలేదు.

సంతరోజు పొద్దున అంగడి ముందు జనం మూగారు. పత్తిమిల్లు గుమాస్తా గురుస్వామి గొంతు అందరికంటే పైన వినపడుతోంది. సాయంత్రానికి సైకిలు కావాలట. "అట్లే గురుస్వామప్పా, నా చేత్తో నేనే ఏసిస్తా, నీకన్నా ఎక్కువెవురు," అని ఆయన గంప లోపలికి తోశాడు. పైన ఎర్ర పేలికతో గుమాస్తా ట్యూబు. అడుగున నాలుగు రోజులుగా ఉన్న పేలిక లేని ట్యూబు, నరసన్నది. చేనేత చీరలు సైకిలు మీద పల్లెల్లో అమ్ముకునే మనిషి. రోజూ వచ్చి మెల్లగా అడిగి, మెల్లగా వెళ్లిపోవడం నాకు వినపడుతూనే ఉంది; ఆ ట్యూబు ఎవరిదో అట్లానే తెలుసుకున్నాను. ఎర్ర పేలిక విప్పి పొయ్యిలో వేశాను. లేచి పరదా దాకా నడిచాను. ఏం చేయబోతున్నానో అత్తకు అర్థమైంది. వద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు. అతుకులు నొక్కీ నొక్కీ మొద్దుబారిన తన బొటనవేలి వైపు చూసుకుంటూ కూర్చుంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక పరాయి మగవాడికి నా గొంతు వినిపించడం అదే మొదలు. బజారంతా వినపడేటట్టు అన్నాను:

"గురుస్వామప్పా, నీ ట్యూబు ఇయ్యాల కాదు. నరసన్నది నీకన్నా నాలుగు దినాలు ముందొచ్చింది. యాడన్నా కాన్పుందంటే ఆ పని మీద పోయే సైకిలు అందరికన్నా ముందు. అతుకులేసేది ఆయప్ప కాదు, నేను. ఎవురిది ముందో, ఎవురిది వెనకో ఇంక నన్నడగండి."