మిగిలిన మాత్రలు

యాభై నాలుగో ఏట వీరరాఘవులు చేతిలో ఉన్నవి షుగరు, బీపీ, ఆ రెంటినీ అణచగలనన్న పట్టుదల. మద్రాసు పేరు చెన్నైగా మారి అప్పటికి ఏడాది. మింట్ వీధి పక్క సందులో ఆయనది పప్పుల హోల్‌సేల్ అంగడి. రోజూ తెల్లవారగానే మెరీనాలో నాలుగు మైళ్ళు నడిచేవాడు. రాత్రికి రెండే పుల్కాలు.

"నోరు కట్టుకోలేనోళ్ళకే జబ్బు" అని తోటివాళ్ళకు చెప్పేవాడు. తన జబ్బులు మాత్రం వంశం నుంచి వచ్చినవట.

పుల్కాలు ఒత్తే భార్య కస్తూరికీ అవే రెండు జబ్బులు. ఆమె ఆలోచన వేరు. "కాలూ చెయ్యీ ఆడతా ఉండాయి గదా, ఇంకేం జబ్బు?" అనేది.

ఆ ఏడు డాక్టరు కృష్ణస్వామి వీరరాఘవులుకు షుగరు మాత్ర మార్చాడు. పాతవి ఆరు అట్టలు మిగిలాయి. సరుకు పారేయడం ఆయనకు చేతకాదు.

"ఈటిని నువ్వు మింగు. ఇద్దరిదీ ఒకటే జబ్బు."

"నన్నూ ఒకసారి ఆ డాక్టరు కాడికి పిలుచుకపోతే..."

"ఊరగాయి మాను. డాక్టరు ఎందుకు?"

కస్తూరి మింగసాగింది. శనివారాలు ఆమెకు ఒక్కపొద్దు. సాయంత్రం దాకా మంచినీళ్ళే. మాత్ర మాత్రం తప్పలేదు. మూడో శనివారం మధ్యాహ్నం ఆమె గోడ పట్టుకుని నిలబడింది. రవిక చెమటకు తడిసిపోయింది.

"చెయ్యి వణకతా ఉండాది. కండ్లు మసకేస్తా ఉండాయి."

"షుగరు ఎక్కింది. నిన్న పక్కింటోళ్ళ సీమంతంలో మైసూరుపాకు ఎన్ని తిన్యావు?"

"ఒకటే."

"అదే." ఇంకో మాత్ర ఆమె అరచేతిలో పెట్టాడు. "ఏసుకుని పడుకో. రేపట్నుంచి నడకకు రా."

ఆమె మింగి పడుకుంది. ఆయన అంగడికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో డాక్టరు కృష్ణస్వామి జరిగింది విని, ఖాళీ అట్టను చూశాడు.

"షుగరు ఎక్కలేదయ్యా, అడుగంటిపోయింది. ఖాళీ కడుపుమీద రెండు మాత్రలు. మీ కొలతకు కుట్టిన చొక్కా ఆమెకు తొడుగుతారా?"

"మంచికేనండీ ఇచ్చింది."

"మంచి కోరితే నా దగ్గరికి ఒక్కసారి పిలుచుకు రావాల్సింది."

కస్తూరి బతికింది. మెదడు దెబ్బతిని మాట రాలేదు, కాళ్ళు కదలలేదు.

ఇది చదివే ఇంటి పెద్దలు ఆలోచించాలి. జబ్బు పేరు ఒకటైనంత మాత్రాన ఒళ్ళు ఒకటి కాదు. మన పథ్యం చూసుకుని పక్కవాళ్ళ మీద తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. ఇంట్లో ఒకరికే చేరిన ఆరోగ్యం ఇంకొకరి దగ్గర్నుంచి లాక్కున్నదే.

ఏడాది తిరిగేసరికి వీరరాఘవులు షుగరు అదుపులోకి వచ్చింది, బీపీ దిగింది. కస్తూరికి మంచం దక్కింది.