కనుమ మీద గోధుమలు

ఉడికిన గోధుమల్ని తెల్లగుడ్డ మీద పల్చగా పరిచి, తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. లేకపోతే దారిలోనే పులిసిపోతాయి. మా ఆయన డోబ్రి పోయి ఆరు నెలలైంది. పోయినవాళ్ళ పేరున గోధుమల్లో చక్కెర, అక్రోటు పలుకులు కలిపి పంచడం మా ఆనవాయితీ. తిన్న ప్రతి ఒక్కరూ "దేవుడు క్షమించుగాక" అనాలి. మామూలుగా సమాధి దగ్గర పంచుతాం. ఆయన కొండనడక సంఘం వాళ్ళు మాత్రం, పైన రెండు కొండల మధ్య కనుమలో రాతికి ఆయన పేరున పలక బిగిస్తున్నాం, అక్కడే పంచుదాం అన్నారు.

"నువ్వు డబ్బాలో పెట్టివ్వు వదినా, మేం మోసుకెళ్తాం," అన్నాడు రదోయ్. ఆయన స్నేహితుడు, ఇప్పుడు సంఘానికి పెద్ద.

"నేనూ వస్తా."

"పైన ఇంకా నడుం లోతు మంచుంది."

"ఉండనీ."

"డోబ్రి ఉంటే నవ్వేవాడు."

"ఉంటే గోధుమలెందుకు?"

చివరికి ఒప్పుకున్నాడు. కనుమ దాకా వాళ్ళతో నడిచి, అక్కడి నుంచి దక్షిణం వైపు ఊళ్ళోకి దిగి బస్సెక్కి ఇంటికి రావాలి. వాళ్ళు ఎప్పట్లాగే శిఖరాల మీదుగా తూర్పుకి, నల్ల సముద్రం దాకా పోతారు. నెల్లాళ్ళ నడక. ఆయన ప్రతి వసంతంలోనూ పోయేవాడు.

ఆ నడకకి వీపు సంచీ సర్దింది ఏనాడూ ఆయన కాదు. బరువైనవి వీపుకి దగ్గరగా, మెత్తనివి అడుగున, మంచు గడ్డకడితే బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళు పైన చేతికందేలా. అంతా అయ్యాక పట్టీలు ఆయన భుజాల్ని ఒరుస్తాయేమోనని నేనే తగిలించుకుని వంటింట్లో తిరిగేదాన్ని. పొయ్యి దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు నుంచి పొయ్యి దాకా. మేడ మెట్లు ఎక్కేదాన్ని, దిగేదాన్ని. మంచంలోంచి మా అత్తగారు, "గాడిదలా ఏంటే ఆ తిరుగుడు? ముందు నా దుప్పటి మార్చు," అనేది. దుప్పటి మార్చి మళ్ళీ తిరిగేదాన్ని. పెళ్ళైన కొత్తలో నాకూ బూట్లు కొనుక్కుని, నేనూ వస్తానని అడిగాను. "అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు. అది న్యాయమే అనుకున్నాను. తర్వాత పిల్ల పుట్టింది, "పసిపిల్లతోనా?" అన్నాడు. అత్తగారు పోయింది, పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళింది, మళ్ళీ అడిగాను. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఈ మోకాళ్ళతోనా?" అన్నాడు. ఆ బూట్లు వేసుకుని కోళ్ళగూడు కడిగి కడిగి అరగదీశాను.

అలా బయల్దేరాం, రదోయ్ ముందు, నేను చివర. చెట్లు దాటాక మంచు మొదలైంది. పొద్దున గట్టిగా ఉండి, ఎండెక్కేసరికి కాలు పెట్టిన చోటల్లా తొడదాకా దిగబడిపోయింది. దారి గుర్తుకి పాతిన ఇనుప స్తంభాలు మంచులోంచి తల మాత్రం పైకి పెట్టి కనిపిస్తుంటే, వాటి వెంబడే నడిచాం. నాకు భయం వేసింది. అబద్ధమెందుకు? ఏటవాలు మంచు మీద అడ్డంగా నడిచేటప్పుడు కింద లోయ చూసి నోరు ఎండిపోయింది. కానీ ఆ భయంలో నన్ను ఎవరూ దేనికీ పిలవడం లేదు. నా కాలు, దాని తర్వాత నా రెండో కాలు, అంతే. ఇంతకాలం ఈ మనిషి ఇంత పెద్ద నిశ్శబ్దాన్ని ఒక్కడే తిన్నాడా అనిపించింది.

సాయంత్రం కొండ మీది బసకి చేరాం. బస చూసుకునే త్సోన, నేనెవరో రదోయ్ చెప్పగానే గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో అక్కా, నువ్వేనా! కొండంటే చచ్చే భయమట కదా నీకు? కళ్ళు తిరుగుతాయట!"

"ఎవరన్నారు?"

"ఎవరంటావేంటి? డోబ్రి అన్నే! ఏటా ఈ బల్ల దగ్గరే కూర్చునేవాడు. 'ఎంత బతిమాలినా రాదే త్సోనా, గడప దాటనంటుంది. నా రాత ఇంతే, ఒంటరిగా నడవాలి' అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. పాపం, చారులో ఇంకో రెండు గరిటెలు పోసేదాన్ని."

నేను రదోయ్ వైపు తిరిగాను. అతను చిక్కుడుగింజల చారులో రొట్టె ముంచి ఊరికే తిప్పుతున్నాడు.

"నువ్వూ విన్నావా?"

"అందరం విన్నాం వదినా. నీకు ఇష్టం లేదనే అనుకున్నాం."

"మీలో ఒక్కడైనా నన్ను అడగలేదే."

"మొగుడు చెప్పాక పెళ్ళాన్నేం అడుగుతాం?"

చారు గిన్నె పక్కకి నెట్టాను. వద్దన్నందుకు కాదు. వద్దన్నవాళ్ళని చాలామందిని భరించాను. తనే వద్దనేసి, ఆ వద్దుని నా నోట్లో పెట్టాడు. నేను వంటింట్లో ఆయన బరువు మోస్తూ తిరుగుతుంటే, ఇక్కడ ఆయన నా పిరికితనాన్ని చెప్పి జాలి తింటున్నాడు. ఈ కొండల మీద నాకు తెలియకుండా నాలాంటిదే ఒకతి తిరిగింది. గడప దాటని మొండిది, మొగుణ్ణి ఏడిపించినది. ఇన్ని బసల్లో ఇంతమందికి ఆవిడే తెలుసు. మరి నేనెవరికి తెలుసు? పోనీ నిలదీద్దామంటే మనిషి లేడు. చనిపోయినవాణ్ణి తిట్టకూడదంటారు. బతికున్నప్పుడూ తిట్టకూడదనే అన్నారు.

మర్నాడు కనుమ ఎక్కాం. గాలి చెంపలు కోసింది. నల్ల తలగుడ్డని రెండుసార్లు గెడ్డం కింద బిగించి కట్టుకున్నాను. మగాళ్ళు రాతికి పలక బిగించారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను: 'డోబ్రి. కొండే ఇతని ఇల్లు.' అలాగా, మరి నేను ఊడ్చింది ఎవరి ఇల్లు?

డబ్బా తెరిస్తే గోధుమలు చలికి గడ్డకట్టి ఇటుకలా ఉన్నాయి. చెంచా దిగలేదు. రదోయ్ మంచుగొడ్డలి తీశాడు. "ఇటివ్వు," అని తీసుకుని నేనే కొట్టాను. నాలుగో దెబ్బకి పగిలింది. ముక్కలు రేకు కప్పుల్లో వేసి తలా ఒకటి ఇచ్చాను. పళ్ళ కింద కరకరమంటుంటే ఒక్కొక్కరూ టోపీ తీసి, "దేవుడు క్షమించుగాక," అన్నారు.

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అందరూ నా నోరు చూస్తున్నారు. నేనూ ఆ మాట అంటే బయల్దేరాలని వాళ్ళ తొందర.

"అను వదినా," అన్నాడు రదోయ్ మెల్లగా. "అదిగో, కింద ఊరు కనిపిస్తోంది. మధ్యాహ్నం బస్సు అందుకోవచ్చు."

ఖాళీ డబ్బా సంచీలో పెట్టాను. సంచీ వీపుకెత్తుకుని, పట్టీలు బిగించుకుని, తూర్పు వైపు స్తంభాల కేసి తిరిగాను.

"దేవుడు తొందరగా క్షమిస్తాడు రదోయ్, దేవుడు సంచీ మోస్తూ వంటింట్లో తిరగలేదు. నేను సముద్రం దాకా నడిచి, ఆలోచించి చెబుతాను."