మందు లేని పద్నాలుగు రోజులు

సాంచె ఆగితే నేను ఊరుకోలేను. ఊరొదిలి వచ్చి పర్వత్ పాటియా దగ్గర మరమగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా మెకానిక్‌ని. చప్పుడు కొంచెం మారినా పానా చేతిలోకి వచ్చేస్తుంది. అలాంటివాణ్ణి పట్టుకుని డాక్టరు పద్నాలుగు రోజులు ఏమీ చేయకుండా కూర్చోమన్నాడు.

మా అమ్మ కొమురవ్వకు పోయినేడు అరిగిన మోకాలు తీసి కృత్రిమ కీలు వేశారు. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఆ కాలు వాయడం, వేడెక్కడం మొదలైంది. గల్లీలోని మందుల షాపువాడు ఎర్ర, పసుపు రంగుల యాంటీబయాటిక్ క్యాప్సూల్ ఇచ్చాడు. వేసుకుంటే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. అలా మూడు నెలలు నెట్టుకొచ్చాం. చివరికి ఆపరేషన్ చేసిన డాక్టరు రక్తపరీక్ష చూసి ముఖం ముడుచుకున్నాడు.

"మోకాలిలోంచి నీరు తీసి పరీక్షించాలి. దానికి ముందు పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్ ఒక్కటి కూడా పడకూడదు. పడితే లోపల క్రిములున్నా దొరకవు. రిపోర్టు మంచిగా వస్తుంది, ఎముక మాత్రం కుళ్లుతుంది. కాలికే ముప్పు. జ్వరమొస్తే వెంటనే తీసుకురా" అన్నాడు హిందీలో.

నాది నైట్ డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటే, పక్క మంచం మీద అమ్మ మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఊగుతుండేది. నొప్పి గోళీలు ఏ మూలకూ చాలలేదు. నేను లేచి నీళ్లు తాగేవాణ్ణి, గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాణ్ణి, జ్వరం ఉందేమోనని ఆమె నుదురు తాకేవాణ్ణి.

"ఎన్నిసార్లు సూస్తవు కొడుకా? జర పండుకో" అనేది అమ్మ.

"మీరు తిరిగే తిరుగుడుకే ఆమెకు ఇంకింత నొస్తది" అనేది నా భార్య సింధూజ.

అయిదో రోజు ఇక నావల్ల కాలేదు. సింధూజ చీరల మడత పనికి వెళ్లగానే, మిగిలిన క్యాప్సూళ్లలోంచి ఒకటి తీసి "బలం గోళీ" అని అమ్మకిచ్చాను. కళ్లు మూసుకునే మింగింది. తర్వాత మూడు రోజులు, ఉన్నవి అయిపోయేదాకా, రోజుకొకటి ఇచ్చాను. అమ్మ ఊగడం మానేసింది. గోడవైపు తిరిగి కదలకుండా పడుకునేది. ఎట్లున్నదని అడిగితే తగ్గిందనేది. తప్పు చేశానని తెలుసు. అయినా నాకు నిద్ర పట్టింది.

పద్నాలుగో రోజు రింగ్ రోడ్ దాటి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు చేతులకు తొడుగులేసుకుని మోకాలు మందుతో తుడిచాడు. సూది తయారుగా ఉంది.

"బా, ఆ గోళీ ఒక్కటైనా వేసుకున్నావా?" అని అడిగాడు. ఇక్కడ తల్లి వయసువాళ్లను అలాగే పిలుస్తారు.

"ఒక్కటి గూడ లేదు సాబ్" అంది అమ్మ తడుముకోకుండా.

నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. మంచి రిపోర్టు చేతిలో పెట్టుకుని సంతోషంగా ఇంటికి పోతాం. ఆ తర్వాత అమ్మ కాలు ఏమవుతుందో తలచుకుంటే భయమేసింది.

"నేను ఇచ్చాను సాబ్. బలం గోళీ అని చెప్పి నాలుగు ఇచ్చాను."

డాక్టరు సూది పళ్లెంలో పెట్టేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాలుగు గాదు" అంది అమ్మ. నడుముకున్న బొడ్లె సంచి తీసి మంచం మీద బోర్లించింది. వక్కపలుకుల మధ్య మూడు క్యాప్సూళ్లు పడ్డాయి. "మొదాలు ఇచ్చింది ఒక్కటే మింగిన, తెల్వక. మూడు నెల్లు మింగిన గోళీ నాకెర్కలేదా?"

"మరి డాక్టరుకు లేదని ఎందుకు చెప్పినవే?"

"ఒక్కదానికి ఏమైతదనుకున్న. నలుగుట్ల నిన్ను తిట్టిపిద్దునా?"

"నొప్పి తగ్గిందన్నవ్ గదనే అమ్మా."

"అనకపోతే నువ్వు పండుకుంటివా?"

అమ్మ మింగింది మొదటిదొక్కటేనని హిందీలో చెప్పాను. డాక్టరు గోడమీది క్యాలెండర్ చూశాడు. ఆ ఒక్క గోళీ పడి తొమ్మిది రోజులైంది. ఇంకా అయిదు రోజులు ఆగాలన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. పర్వత్ పాటియా మలుపులో గుంతలో పడి ఆటో ఎగిరింది. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని పెద్దగా మూలిగింది. ఈసారి దాచుకోలేదు.