నల్లగొండ గది ఉష్ణోగ్రత

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అరవై మూడో సంవత్సరం మే నెలలో అది నా చదువునే ముంచబోయింది.

నల్లగొండ కాలేజీలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం మౌఖిక పరీక్ష. ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే మగ్గం మీద కూర్చోవాల్సిందేనని నాయిన తేల్చి చెప్పాడు. మగ్గమంటే నాకు చిన్నచూపు లేదు. కానీ కెమిస్ట్రీ అంటే ప్రాణం.

హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు లెక్క ఇచ్చారు. సైక్లోహెక్సేన్ వలయం కుర్చీలా వంగి ఉంటుంది. దానికి తగిలించిన మిథైల్ సమూహం నిటారుగానైనా నిలబడుతుంది, పక్కకైనా వాలుతుంది. వాలితే సుఖం. నిలబడాలంటే మోలుకు 1.8 కిలోకాలరీల శక్తి ఎక్కువ కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర నూటికి ఎన్ని అణువుల్లో అది వాలి ఉంటుంది?

గోడకున్న థర్మామీటరు నలభై రెండు చూపిస్తోంది. దాన్ని కెల్విన్లలోకి మార్చి 315 వేశాను. జవాబు తొంభై నాలుగున్నర దాటి వచ్చింది. ఆయన చూసి కాగితం మీద అడ్డంగా గీత కొట్టారు.

"లెక్కల్లో గది ఉష్ణోగ్రత అంటే ఎక్కడైనా ఇరవై ఐదు డిగ్రీలే. ఆ మాత్రం తెలీదా?"

"గీ గదిల ఇరవై ఐదు ఏడున్నది సార్? జర సూపెట్టుర్రి!"

గొంతు లేచింది. ఆయన మొహం ఎర్రబడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

మా లెక్చరర్ కాటమయ్య సార్ నెమ్మదిగా ముందుకొచ్చారు. "సార్, పిల్లగాడు మా గదికి లెక్క కట్టిండు. మీరు జెప్పిన ఇరవై ఐదుకు గూడ కట్టమనుర్రి. రాకుంటే ఫెయిల్ చెయ్యుర్రి."

పరీక్షకుడు కొత్త కాగితం నా ముందుకు తోశారు. చెమటకు సిరా అలుక్కుపోతున్నా కట్టాను. తొంభై ఐదు దాటింది.

"ఎందుకు పెరిగింది?"

"వేడి తగ్గితే నిలబడేతందుకు దొరికే శక్తి తక్కువైతది సార్. ఇంకిన్ని అణువులు సుఖమున్న దిక్కే పోతయి."

ఆయన కొట్టేసిన కాగితాన్ని కూడా దగ్గరికి లాక్కున్నారు. రెండింటి కిందా సరి అని రాసి సంతకం పెట్టారు. "పాసయ్యావు, వెళ్లు."

వరండాలో కాటమయ్య సార్ కాళ్లకు మొక్కబోతే ఆయన వెనక్కి జరిగారు. "నాకెందుకురా? లోపలున్న సారుకు మొక్కు. తప్పని కొట్టేసినంక మళ్ల సూసెటోళ్లు ఎంతమంది ఉంటరు?"

మళ్లీ లోపలికి వెళ్లాను. పరీక్షకుడు కోటు విప్పేసి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. వంగి దండం పెట్టాను.

"ఇంత వేడిలో ఎలా చదివావయ్యా?" అన్నారు.

అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.