అందరూ తిన్నాక

“నీ రోగం నీతో పోకుండా దానికీ అంటించావు,” అన్నాడు భర్త, డాక్టరు గది దాటీ దాటకముందే. పద్నాలుగేళ్ళ కూతురు రక్తపరీక్ష కాగితం పట్టుకుని పక్కనే ఉంది. తల్లికి ఒళ్ళు భగ్గుమంది.

డాక్టరమ్మ అంత మాట అనలేదు. పిల్లకీ షుగరు మొదలైందంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి షుగరు అదుపు తప్పితే, ఆకలినీ రక్తంలో చక్కెరనూ చూసుకునే మెదడు భాగం బిడ్డలో సరిగ్గా కుదురుకోకపోవచ్చని పరిశోధనలు అంటున్నాయి, అదొక్కటే కారణమని మాత్రం ఎవరూ చెప్పలేరు అంది. పిల్ల వేళకి తినాలని గట్టిగా చెప్పింది. ఆయన చెవికి అందులో తల్లి అన్న ముక్క ఒక్కటే ఎక్కింది.

దారి పొడవునా ఆమె కుతకుతలాడుతూనే ఉంది. షుగరు అదుపు తప్పిందట! అదేమన్నా తాడు తెంచుకున్న దూడా, తనంతట తాను తప్పడానికి? ఇన్సులిన్ వేసుకున్న అరగంటలో తినమన్నారు ఆ రోజుల్లో. ఆ ఇంట్లో కోడలు అందరూ తిన్నాకే తినాలి. సూది పొడుచుకుని కంచం పెట్టుకోబోయేసరికి మామగారికి ఇంకో విడత వేడివేడిగా కావాలి. ఆయన చెయ్యి కడిగేలోగా భర్త ఏ స్నేహితుణ్ణో వెంటబెట్టుకొస్తాడు. ఒకసారి గరిటె చేతిలో ఉండగానే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి వంటింట్లో కూలబడింది. మేం కనలేదా పిల్లల్ని, అని అత్తగారు నవ్వింది. భర్త మాత్రం తెలివైన ఉపాయం చెప్పాడు. “పనంతా అయ్యాకే వేసుకో. ఎవరికీ ఇబ్బంది ఉండదు.” ఎవరికీ అంటే ఎవరికి? అప్పట్నించి సూది ఏ సాయంత్రానికో పడేది, ఒక్కోరోజు అసలు పడేదే కాదు. మా కోడలు బంగారం, నోరెత్తదు అని అత్తగారు నలుగురిలో మెచ్చుకునేది. కడుపులో పిల్ల ఆ బంగారాన్నే మోసిందన్నమాట.

ఇంటికి రాగానే సంగతి విని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. మా వంశంలో ఎవరికీ లేదే అని నిట్టూర్చి, అంతలోనే మనవరాలితో, “నాన్నకీ తాతకీ వడ్డించమ్మా, తర్వాత తిందువుగాని,” అంది.

పిల్ల మారుమాట లేకుండా లేచింది. తిరిగి తిరిగి దాని మొహం వాడిపోయి ఉంది. అయినా లేచింది. అది చూశాక ఆమెకు కోపం ఆగలేదు. మెదడు సంగతి డాక్టర్లు తేలుస్తారు. ఇది మాత్రం కడుపులో వచ్చింది కాదు, ఈ ఇంట్లో తనను చూసి నేర్చుకున్నది.

కూతురి చేతిలో గరిటె తీసుకుంది. భుజం పట్టి కూర్చోబెట్టి, కంచం పెట్టి వడ్డించింది. పక్కన ఇంకో కంచం పెట్టుకుని తనూ కూర్చుంది.

“మరి మాకెవరు పెడతారు?” అన్నాడు భర్త.

ఆమె తలెత్తలేదు. “గిన్నెలు పొయ్యి మీదున్నాయి,” అంది.

కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో ఆమె వేడన్నం తినడం అదే మొదలు.