దిగిరాని ఫీజు

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో చిట్టెమ్మ కొట్టు పెట్టి ముప్పై ఏడేళ్ళు. చింతపండు, గుంటూరు మిర్చి, ఇంగువ, అప్పడాలు. ఇన్నేళ్ళలో ఆవిడ మోసపోయింది రెండేసార్లు. రెండుసార్లూ సరుకు చౌకగా దొరికిందని సంబరపడినప్పుడే.

అప్పటినుంచి ఆవిడకొక పద్ధతి పట్టుబడింది. కొత్త వ్యాపారి ఎవడొచ్చి ఏ ధర చెప్పినా, అందులో మూడో వంతుకి అడుగుతుంది. వాడు మొహం మాడ్చుకుంటే కూర్చోబెట్టి టీ తెప్పిస్తుంది. సరేనన్నాడో, ఇక జన్మలో వాడి దగ్గర గింజ కొనదు.

ఈ ఏప్రిల్లో ఆవిడ ముందుకి కొత్త సరుకు వచ్చింది. దాని పేరు పీహెచ్‌డీ.

తెచ్చింది కూతురు ఇందు. నలభై మూడేళ్ళ మనిషి. ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ఐటీ పాఠాలు చెబుతోంది. రెండేళ్ళుగా ఆ శాఖకి ఇన్‌ఛార్జి కూడా. అంటే పని హెడ్‌ది, జీతం పాతది. జూన్ నెలాఖరులోగా సరైన చోట డాక్టరేట్‌లో చేరినట్టు కాగితం చూపిస్తే ఆ కుర్చీ ఆమెదేనని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. చూపించకపోతే బయటినుంచి ఎవరినో తెస్తారు. ఆ వచ్చినవాడికి పని నేర్పే పని మళ్ళీ ఇందుదే.

"పద్దెనిమిదేళ్ళు కొట్టుకి కాపలా కాసి, గిరాకీ వచ్చిన్నాడు తాళాలు ఇంకోడి సేతిలో పెడతావేటే?" అంది చిట్టెమ్మ.

ఉద్యోగం మానేసి చదివే వీలు లేదు. ఆన్‌లైన్‌లోనే చదవాలి. నెలరోజులు వెతికి వెతికి ఇందు రెండు చోట్లు మిగుల్చుకుంది. మొదటిది నాలుగు లక్షల ఇరవై వేలు, ఏడాదిన్నరలో పట్టా. రెండోది రెండు లక్షల ఎనభై వేలు, తక్కువలో తక్కువ నాలుగేళ్ళు, పైగా ఏడాదికి రెండుసార్లు వారం రోజులు స్వయంగా వెళ్ళి కూర్చోవాలి. ఇందు చేతిలో ఉన్నది లక్షా అరవై వేలు.

ఆదివారం మధ్యాహ్నం కొట్లో కూర్చుని మొదటి చోటికి ఫోన్ చేసింది. కిరణ్‌కుమార్ అనే కుర్రాడు తెలుగులోనే మాట్లాడాడు, తేనె పోసినట్టు. స్పీకర్ పెట్టుందేమో, చిట్టెమ్మ తక్కెడ పక్కన పెట్టి ఫోన్ లాక్కుంది.

"బాబూ, లక్షా నలభైకి ఇచ్చెయ్యి."

ఇందు తల పట్టుకుంది. కిరణ్‌కుమార్ వెంటనే అందుకున్నాడు.

"అమ్మగారు అడిగారు కాబట్టి, ఈ ఒక్కరోజుకి ఓకే చేయిస్తానండి. థీసిస్ గురించి కూడా మేడమ్ బెంగపడక్కర్లేదు, అదంతా మా టీమ్ చూసుకుంటుంది."

ఫోన్ పెట్టేయగానే ఇందు తల్లిని కావలించుకున్నంత పని చేసింది. "అమ్మా! రెండు లక్షల ఎనభై తగ్గించినావు! నా డబ్బుల్లో ఇరవై వేలు మిగుల్తాయి కూడా!"

చిట్టెమ్మ మొహంలో ఉత్సాహం లేదు. చింతపండు ముద్దలు సర్దుతూ, "ఒద్దే. ఆడి దగ్గిర సరుకు నేదు" అంది.

"నీకెలా తెలుసు?"

"సరుకున్నోడికి కొన్న ధరొకటుంటాది. దానికింద దిగితే ఆడికి కడుపు మండుతాది. ఈడికి మండనేదు. నీ బదులు ఆళ్ళే రాసేస్తారంట. అలాంటప్పుడు డాక్టరు నువ్వా, ఆళ్ళా?"

ఇందు వాదించబోయింది. ఇంతలో ఫోన్ మోగింది. కిరణ్‌కుమారే. లక్షా పది వేలకి చేస్తాడట, ల్యాప్‌టాప్ బ్యాగు ఉచితమట. చిట్టెమ్మ కనుబొమలు ఎగరేసింది.

ఇక మిగిలింది రెండోది. "అమ్మా, నీకు దండం పెడతాను, ఇక్కడ బేరం ఆడకు" అని ఇందు ముందే బతిమాలింది. సోమవారం ఫోన్ ఎత్తిన ఆఫీసామె వివరాలన్నీ ఓపిగ్గానే చెప్పింది. అంతా విని చిట్టెమ్మ ఫోన్ మీదకి వంగింది.

"దీదీ, తొంభై వేలకి ఇస్తారా?"

"ఏమ్మా, ఇది చింతపండు కొట్టనుకున్నారా? ముందు మీ అమ్మాయి ఏ విషయం మీద పరిశోధన చేస్తుందో రాసి పంపమనండి. గైడ్ ఒప్పుకోకపోతే పది లక్షలిచ్చినా సీటు లేదు" అని ఆమె ఠక్కున పెట్టేసింది.

ఇందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోయింది. ఉన్న ఒక్కటీ పోగొట్టినావు."

చిట్టెమ్మ మాత్రం పక్క టీకొట్టు దావీదుని కేకేసి రెండు టీలు చెప్పింది. "ఇదే అసలైన కొట్టు. డబ్బు సూపిస్తే కూడా గిరాకీని పొమ్మంటంది. రాసి పంపు."

ఇందు క్షమాపణ ఒక పేరా, విషయం రెండు పేజీలు రాసి పంపింది. రెండు మూడు భాషలు కలిపి మాట్లాడేవాళ్ళ మాటని కంప్యూటరు అర్థం చేసుకునేలా చేయడం ఎలాగన్నది ఆమె విషయం. పదిరోజులకి జవాబొచ్చింది: బుధవారం పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ.

బుధవారం పదిన్నరకి ఊళ్ళోనే ఝపటాపూర్ పేటలోని ఇంట్లో కరెంటు పోయింది. ఇన్వర్టరున్నది తల్లి కొట్లోనే. ఇందు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆటో ఎక్కి, మిర్చి బస్తాల వెనక స్టూలు మీద కూర్చునేసరికి సరిగ్గా పదకొండు.

తెరమీద గైడ్, ప్రొఫెసర్ వాసంతి గారు. నెరిసిన జుట్టు, నవ్వని మొహం. అడిగిందానికల్లా ఇందు బాగానే చెప్పింది. చివరికి ఆవిడ కళ్ళజోడు తీసి, "అంతా బాగుంది. కానీ అలా కలగలిపి మాట్లాడే మాటలు మీకు వేలకొద్దీ కావాలి. ఎక్కడినుంచి తెస్తారు?" అంది.

ఇందు తను రాసుకున్న కాగితాలు తిరగేసింది. సరిగ్గా అప్పుడే ఒక బెంగాలీ ఆవిడ మిర్చి కోసం వచ్చింది. ఇంటర్వ్యూ ఎంత ముఖ్యమైనా, వచ్చిన గిరాకీని చిట్టెమ్మ వదులుతుందా?

"దీదీ, ఎటా గుంటూరు లంకా, ఝాల్ బహుత్ బేషీ, ఆధా కిలో సాలదూ?"

ఇది గుంటూరు మిర్చి, కారం చాలా ఎక్కువ, అరకిలో చాలదా అని. మూడు భాషలు, ఒక్క ఊపిరి. ఆ దీదీ అరకిలో కట్టించుకుని పోయింది.

వాసంతి గారు ముందుకి వంగింది. "ఎవరావిడ?"

"మా అమ్మండి. ఫీజు తొంభై వేలకి అడిగింది కూడా ఆవిడేనండి."

ఆవిడ పకపకా నవ్వింది. "ఇలాంటివి ఎన్ని దొరుకుతాయమ్మా?"

ఇందు కన్నా ముందు చిట్టెమ్మ బస్తా మీదుగా తల పెట్టింది. "సాయంత్రందాకా కూకోండి, మీకే సాలనిపిస్తాది!"

మే చివర్లో సీటు కాగితం వచ్చింది. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి, సంతకం పెట్టి ఫైల్లో పెట్టుకున్నాడు. ఫీజులో ఒక్క రూపాయి తగ్గలేదు గానీ, ఆరునెలలకోసారి ముప్పై అయిదు వేల చొప్పున ఎనిమిది వాయిదాల్లో కట్టొచ్చట. చిట్టెమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్కేసింది. నాలుగు వాయిదాలు చేతిలో ఉన్నవాటితో, మిగతా నాలుగూ హెడ్ జీతంతో.

"ధర దిగనోడు గడువిచ్చినాడు. మంచి యాపారం" అంది.

ఆ సాయంత్రమే కిరణ్‌కుమార్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి అరవై వేలు. చిట్టెమ్మే ఎత్తింది.

"బాబూ, నీకు మాటుంది, ఓపికుంది. సరుకే నేదు. మా అప్పడాలు అమ్ముతావేటి?"

అతని గొంతులో తేనె తగ్గింది.

"కమీషన్ ఎంతిస్తారమ్మా?"

చిట్టెమ్మ పది శాతం అంది. అతను ముప్పై అన్నాడు. పది కన్నా ఒక్క పైసా ఎక్కువివ్వనంది. అతను కూడా ముప్పై దగ్గర్నుంచి కదల్లేదు.

చిట్టెమ్మ ఫోన్ చేత్తో మూసి కూతురి వైపు తిరిగింది. "పరవానేదే, కుర్రాడు పనికొస్తాడు" అంది.