బీమా పుస్తకానికి తాత్పర్యం

నా భార్య కడుపులో రాళ్ళున్నాయని డాక్టరు చెప్పి చాలా నెలలైంది. "ఇల్లు కట్టుకుందామంటే ఒక్క రాయి పోగవలేదు గాని, కడుపులో మాత్రం గుట్టే లేచింది" అని తనే నవ్వేది. నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. దేవుడి పటం ముందు ముడుచుకుని పడుకునేది. ఆపరేషన్ చేయించుకోలేదు. మా సబ్బుల ఫ్యాక్టరీ ఆరోగ్య బీమా నాకే గాని ఆమెకు లేదని గుమాస్తాగారు చెప్పారు మరి.

ఆయన్ని మేమంతా చూద్దాంగారు అంటాం. ఏదడిగినా "చూద్దాం" అంటారు. ఈ సంగతి మాత్రం చూడకుండానే చెప్పేశారు: "భార్యకు రాదనుకుంటా."

ఆ "అనుకుంటా" మా ఇంట్లో నెలల తరబడి కాపురం చేసింది.

మొన్న ఆమె వంటింట్లో కూలబడిపోయింది. "ఏమండీ, ఇంకొక్కసారి అడగండి. అనుకోవడం కాదు, తెలుసుకుని చెప్పమనండి" అంది.

మర్నాడు దీపం పెట్టి, దండం పెట్టుకుని, నేరుగా యజమాని గదికి వెళ్ళి బీమా సంగతి అడిగాను. అక్కడే ఉన్న చూద్దాంగారు బీరువాలోంచి బీమా పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. ఇటుకంత ఉంది.

"అంతా అందులోనే ఉందయ్యా, చదువుకో" అన్నారు యజమాని.

తెరిచాను. 'అనుబంధంలో నిర్వచించిన మినహాయింపులకు లోబడి అర్హులైన ఆశ్రితులకు...' అక్కడే ఊపిరి ఆగిపోయింది.

"సార్, నేను రోజూ పారాయణ చేస్తాను. శ్లోకం నా బుర్రకెక్కదు. అందుకే పెద్దలు కింద తాత్పర్యం రాసిపెట్టారు. దేవుడి మాటకే తాత్పర్యం ఉంది కదా, బీమా కంపెనీ మాటకు అక్కర్లేదా?"

"వేదాంతం మొదలెట్టావే!" అని నవ్వారు చూద్దాంగారు.

"మా ఆవిడకు వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పండి, పోతాను."

యజమాని గుమాస్తా వంక చూశారు. గుమాస్తా పుస్తకం వంక చూశారు.

"చూద్దాం..."

"ఇప్పుడే చూద్దామండీ" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. యజమాని ముందు కూర్చోవడం నాకదే మొదలు. అయినా లేవలేదు.

"పనిలోకి వెళ్ళకపోతే జీతం కోత, తెలుసుగా?" అన్నారు యజమాని.

"తెలుసు సార్. గేటు పక్క గోడమీద బారెడు అక్షరాలతో రాయించారు, చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. కోత సంగతి అంత తేటగా రాయగలిగిన మీరు, వైద్యం సంగతి ఎందుకు రాయలేరు?"

యజమాని ముఖం కందగడ్డయింది. నా నోరు మూయించడానికే కాబోలు, అందరికీ వినబడేలా బీమా కంపెనీకి ఫోన్ చేశారు. అవతల అమ్మాయి నా వివరాలు చూసి, "వాళ్ళావిడకు ఆయన చేరిన మొదటి రోజు నుంచీ ఉందండీ. ఆపరేషన్‌కు ముందు మాకు చెబితే చాలు" అంది.

మొదటి రోజు నుంచీ! పళ్ళు బిగబట్టి ఆమె గోడకు ఆనుకున్న సాయంత్రాలన్నీ కళ్ళముందు తిరిగాయి. భగవంతుడా, మేమిది కర్మ అనుకున్నాం. నీమీద వేసిన ఈ నింద నీది కాదేమో, రాయాల్సినవాళ్ళు రాయని ఒక కాగితానిదేమో.

"నీ పని అయిందిగా, లే" అన్నారు యజమాని.

"నాదయింది. నాతోపాటు సబ్బు బిళ్ళలు కోసేవాళ్ళ ఇళ్ళలో ఇంకెన్ని 'అనుకుంటా'లున్నాయో! ఎవరికి వస్తుంది, దేనికి రాదు, ముందుగా ఎవరికి చెప్పాలి, ఒక్క కాగితంమీద రాయించండి. కోత నోటీసు పక్కనే అంటిద్దాం."

"ఉద్యోగం ఊడుతుంది, జాగ్రత్త!"

"ఊడితే దేవుడున్నాడు సార్. కాగితం రాసేదాకా నేనూ ఇక్కడే ఉన్నాను."

ఉన్నట్టుండి చూద్దాంగారు గొణిగారు: "మా ఆవిడ మోకాలి ఆపరేషన్‌కు నేను చేతి డబ్బే పెట్టుకున్నానే..."

యజమాని ఆయన వంక తెల్లబోయి చూశారు. చూద్దాంగారు ఎవరినీ అడక్కుండానే తెల్లకాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టారు.

"అర్హులైన ఆశ్రితులు..."

"అంటే ఎవరండీ?"

"భార్యాపిల్లలు."

"అయితే భార్యాపిల్లలనే రాయండి."

కొట్టేసి రాశారు.

"ఇక లేస్తావా?" అన్నారు యజమాని.

"రెండో వాక్యం కూడా రాయనివ్వండి సార్" అన్నాను.